క్రిస్మస్‌ను నిషేధించిన క్రైస్తవులు

పండుగల చరిత్ర: 8వ భాగం

1647 డిసెంబరు 25, శనివారం. ఇంగ్లండు ఆర్చిబిషప్ పీఠం ఉన్న కాంటర్‌బరీ పట్టణం. మేయరు విలియం బ్రిడ్జ్ అంతకుముందే దండోరా వేయించి ఉన్నాడు: క్రిస్మస్ అనే పండుగ ఇక లేదు, ఆ రోజు సంత మామూలుగానే సాగాలి, దుకాణాలన్నీ తెరవాలి అని. తెరిచినవి 12. మిగతా ఊరంతా వచ్చి ఆ 12 దుకాణాల మీద పడింది. సరుకు వీధిపాలైంది. మేయరు తన భటులతో వచ్చి సర్దిచెప్పబోతే ఆయన్నే కింద పడదోశారు. ఎవరు తెచ్చారో గాని ఫుట్‌బాళ్లు వచ్చాయి, నడివీధిలో ఆట మొదలైంది. ఆ ఆట కూడా ఊరికే కాదు. ఆ కాలపు ఇంగ్లండులో జనాన్ని పోగు చెయ్యాలంటే వీధిలోకి బంతి విసిరితే సరిపోయేది. గుమ్మాలకు పచ్చని హాలీ కొమ్మలు కట్టారు, వచ్చేపోయేవాళ్లకు తాగినంత పోశారు. ఈ గొడవ చరిత్రలో ‘ప్లమ్ పుడ్డింగ్ అల్లర్లు’గా మిగిలింది.

పేరు నవ్వు పుట్టిస్తుంది గాని దాని పర్యవసానం చిన్నది కాదు. జనవరిలో పార్లమెంటు సైనికులు పట్టణంలోకి దిగి, కోట ద్వారాల తలుపులు పీకి కాల్చేశారు. పట్టుబడ్డవాళ్లను మే నెలలో విచారణకు నిలబెడితే, స్థానికులతో కూడిన జ్యూరీ వాళ్ల మీద నేరం మోపడానికే ఒప్పుకోలేదు. పైగా పార్లమెంటుకు ఓ ఎదురు విజ్ఞాపన రాసింది. దాని మీద సంతకాలు సేకరించడంతో మొదలైంది కెంట్ ప్రాంతమంతా తిరుగుబాటుగా మారింది. పార్లమెంటు సేనాని జనరల్ ఫెయిర్‌ఫాక్స్ వచ్చి 1648 జూన్ 1న మెయిడ్‌స్టన్ పట్టణాన్ని వీధివీధీ పోరాడి గెలుచుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండు రెండో అంతర్యుద్ధంలో ఇదో ముఖ్య ఘట్టం. దాని మొదలు వెతుక్కుంటూ వెళ్తే మనకు దొరికేది ఓ మేయరూ, ఓ పండగ సెలవూ.

ఇంతకీ క్రిస్మస్ వద్దన్నది ఎవరు? నాస్తికులు కాదు, అన్యమతస్థులు కాదు. ఇంగ్లండులో బైబిలును అందరికన్నా గట్టిగా పట్టుకున్న ప్యూరిటన్లు. గత భాగంలో చూశాం, క్రీస్తు పుట్టిన తేదీ బైబిల్లో లేదని, డిసెంబరు 25 అనే మాట మనకు మొదట కనిపించేది క్రీ.శ. 354 నాటి రోము పంచాంగంలోనని. ఇది మనకు ఓ కుతూహలం మాత్రమే. వాళ్లకు మాత్రం ఆయుధం. బైబిల్లో లేని పండుగను మనిషి కల్పించాడు కాబట్టి అది మూఢాచారం, రోము పోపు అంటగట్టిన మురికి. దేవుడు నియమించిన పండుగ ఆదివారం ఒక్కటే. ఇదీ వాళ్ల తర్కం. తర్కంగా చూస్తే ఇందులో తప్పు పట్టడం కష్టమే.

అసలు మంట మాత్రం తేదీ గురించి కాదు. ఆనాటి క్రిస్మస్ ఒక రోజు పండుగ కాదు, డిసెంబరు 25 నుంచి 12 రోజుల జాతర. పొలం పని లేని చలికాలం, కొత్త బీరు దిగే కాలం, కోసిన పశువుల మాంసం ఇంట్లో ఉండే కాలం. పేకాట, పాచికలు, నాటకాలు, వేషాలు. ఊళ్లో ఓ కుర్రాణ్ణి ‘అల్లరి రాజు’గా ఎన్నుకుని వాడు చెప్పినట్లు పెద్దలు ఆడడం. ఫిలిప్ స్టబ్స్ అనే రచయిత 1583లోనే ఈ తంతులన్నీ ఏకరువు పెట్టి శాపనార్థాలు పెట్టాడు. ఏడాది మొత్తంలో జరిగే పాపాలకన్నా ఈ కొద్ది రోజుల్లో జరిగేవే ఎక్కువని అతని బాధ.

రాజుకూ పార్లమెంటుకూ నడిచిన అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షం బలపడ్డాక ఈ బాధలు చట్టాలయ్యాయి. 1643లో స్కాట్లండుతో పార్లమెంటు ఒప్పందం కుదుర్చుకుంది. స్కాట్లండు అప్పటికే క్రిస్మస్‌ను వదిలించుకున్న దేశం. మరుసటి ఏడాది ఓ ధర్మసంకటం వచ్చిపడింది. నెలలో చివరి బుధవారం ఉపవాసం ఉండాలని పార్లమెంటు నియమం. 1644లో డిసెంబరు 25 సరిగ్గా ఆ బుధవారమే అయింది. ఏకాదశి నాడు పెళ్లి భోజనం వచ్చిపడ్డట్టు. ఏది మానాలి? విందే మానాలని, అంతేకాదు, మన తాతలు ఈ రోజున చేసిన పాపాలకు కూడా కలిపి మరింత వినయంగా ఉపవాసం ఉండాలని పార్లమెంటు ఉత్తర్వు ఇచ్చింది. 1645 జనవరిలో కొత్త ఆరాధన నియమావళి వచ్చి పండుగలన్నిటినీ చర్చి నుంచి తీసేసింది. 1647 జూన్‌లో మిగిలిన ముసుగు కూడా తొలగింది: క్రిస్మస్, ఈస్టర్, విట్సన్ (పెంతెకొస్తు) మూడూ రద్దు. పనివాళ్లకూ విద్యార్థులకూ సెలవులు పోతాయి కదా, అందుకు పరిహారంగా ప్రతి నెలా రెండో మంగళవారం సెలవు. మంగళవారం సెలవు తీసుకుని ఎవరు ఏం పండుగ చేసుకుంటారో పార్లమెంటు చెప్పలేదు.

ఇక్కడ ఓ మాట పక్కకు పెట్టుకోవాలి. క్రిస్మస్‌ను రద్దు చేసింది ఆలివర్ క్రామ్‌వెల్ అని ఇంగ్లండులో ఈనాటికీ చెప్పుకుంటారు. ఈ ఉత్తర్వులు వచ్చేనాటికి అతను సేనానిగా, పార్లమెంటులో ఒక సభ్యుడిగా ఉన్నాడంతే. దేశాధినేత అయింది 1653 డిసెంబరులో. అతనికి ఆ చట్టాలంటే ఇష్టమే, వాటిని రద్దు చెయ్యలేదు కూడా. అయినా అవి అతను రాసినవి కావు. క్రిస్మస్ రోజున మిన్స్ పై తినడం ఇంగ్లండులో ఇప్పటికీ నేరమేనన్న సరదా కబురు కూడా తరచూ పత్రికల్లో కనిపిస్తుంది. అదీ వట్టిదే. తిండి మీద చట్టం లేదు, ఉన్న ఉత్తర్వులన్నీ 1660లో చెల్లకుండా పోయాయి.

నిషేధం ఎలా అమలైంది? 1656 క్రిస్మస్ నాడు పార్లమెంటు యథావిధిగా కూర్చుంది. వచ్చినవాళ్లు తక్కువ. ఇరుగుపొరుగు ఇళ్లలో పండుగ ఏర్పాట్ల చప్పుడుకు రాత్రంతా నిద్ర లేదని ఓ సభ్యుడు వాపోయాడు. లండన్ టవర్ నుంచి వెస్ట్‌మిన్‌స్టర్ దాకా నడిస్తే ఒక్క దుకాణం కూడా తెరిచి లేదని ఇంకొకరు. చట్టం వచ్చి తొమ్మిదేళ్లయినా అదీ పరిస్థితి.

చర్చిలో మాత్రం వేరు. 1657 క్రిస్మస్ నాడు లండన్ స్ట్రాండ్ వీధిలోని ఎక్సెటర్ చాపెల్‌లో కొందరు రహస్యంగా ఆరాధనకు చేరారు. వాళ్లలో దినచర్య రాసే అలవాటున్న జాన్ ఎవెలిన్ ఉన్నాడు. ప్రభుభోజనం తీసుకుంటుండగా సైనికులు చుట్టుముట్టారు. బల్ల దగ్గరికి వెళ్తున్నవాళ్ల మీదికి తుపాకులు ఎక్కుపెట్టారు, కాల్చలేదు. మధ్యాహ్నం కర్నల్ వేలీ, కర్నల్ గాఫ్ అనే ఇద్దరు అధికారులు వచ్చి ఒక్కొక్కరినీ విచారించారు. ఉత్తర్వు ఉండగా ఈ మూఢాచారం ఎందుకని ఎవెలిన్‌ను నిలదీసి, చివరికి వదిలేశారు. ఈ ఇద్దరి పేర్లూ గుర్తుంచుకోండి, మళ్లీ వస్తారు.

ప్యూరిటన్లు కోరుకున్నదొకటి, జరిగిందొకటి. వాళ్లకు కావలసింది క్రీస్తు, వద్దనుకున్నది తాగుడూ జూదమూ. కాని చట్టం చేతికి అందేది చర్చి తలుపే. దానికి తాళం వెయ్యొచ్చు, మాట వినని పాదిరీని తీసెయ్యొచ్చు. వంటింట్లో ఉడుకుతున్న పుడ్డింగును ఏ ప్రభుత్వం ఆపగలదు? అందుచేత ప్రార్థన ఆగింది, విందు సాగింది. పండుగలో భక్తి భాగాన్ని భక్తులే స్వయంగా ఊడబెరికారు. ఈ పదేళ్లలోనే ఇంకొకటి కూడా జరిగింది. నిషేధాన్ని వెక్కిరిస్తూ రహస్యంగా అచ్చేసిన చిన్న పుస్తకాల్లో ‘క్రిస్మస్ తాత’ ఓ పాత్రగా బలపడ్డాడు. దేశం నుంచి వెళ్లగొట్టబడి, జైల్లో పడి, న్యాయస్థానంలో తన తప్పేమిటని అడిగే తెల్లగడ్డం ముసలాయన. అప్పటికి అతను పిల్లలకు బహుమతులు పంచేవాడు కాడు, పెద్దల విందుకు పెద్ద. ఇంగ్లండు ‘ఫాదర్ క్రిస్మస్’ వేరు, అమెరికా శాంటా క్లాజ్ వేరు. ఇద్దరూ కలిసిపోయింది 19వ శతాబ్దంలో.

1660లో రెండో చార్లెస్ రాజయ్యాడు, పండుగ తిరిగొచ్చింది. తన తండ్రికి మరణశిక్ష వేసిన ఉత్తర్వు మీద సంతకం చేసినవాళ్ల కోసం రాజు వేట మొదలుపెట్టాడు. ఆ జాబితాలో వేలీ, గాఫ్ ఉన్నారు. ఇద్దరూ ఓడెక్కి పారిపోయి, ఆ ఏడాదే జులైలో బోస్టన్‌లో దిగారు. సరైన చోటికే వెళ్లారు. మసాచుసెట్స్ శాసనసభ ఏడాది క్రితమే, 1659లో, క్రిస్మస్ చేసుకున్నవాళ్లకు 5 షిల్లింగుల జరిమానా అని చట్టం చేసింది. పని మానినా, విందు చేసినా నేరమే.

ఆ గడ్డ మీద ఇది కొత్త కాదు. మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్లు 1620 డిసెంబరు 25న చెట్లు నరికి తమ మొదటి కట్టడం పని మొదలెట్టారు, కావాలనే. మరుసటి ఏడాది ఫార్చ్యూన్ అనే ఓడలో కొత్తవాళ్లు కొందరు వచ్చారు. క్రిస్మస్ నాడు పని చెయ్యడానికి మా మనస్సాక్షి ఒప్పుకోదన్నారు వాళ్లు. సరే, జ్ఞానోదయం అయ్యేదాకా మానండి అని గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్ మిగతావాళ్లను తీసుకుని పనికి వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వీళ్లు వీధిలో బంతాట ఆడుతున్నారు. బ్రాడ్‌ఫర్డ్ వాళ్ల ఆట సామాను లాక్కున్నాడు. ఇతరులు పని చేస్తుంటే మీరు ఆడుకోవడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు, భక్తి అయితే ఇంట్లో కూర్చుని చేసుకోండి అన్నాడట. ఈ ముచ్చట ఆయన తన చరిత్ర గ్రంథంలో స్వయంగా రాసుకున్నాడు. ఆ కాలం మనుషులకు హాస్యం తెలియదని ఎవరైనా అంటే ఇది చూపించొచ్చు.

రాజు ఒత్తిడి మీద ఆ చట్టాన్ని 1681లో తీసేశారు గాని అలవాటు మారలేదు. 1686లో రాజు పంపిన గవర్నర్ ఎడ్మండ్ ఆండ్రోస్ బోస్టన్‌లో క్రిస్మస్ ప్రార్థనకు వెళ్లాడు, పక్కన ఎర్రకోటు సైనికుణ్ణి పెట్టుకుని. ఊళ్లో దుకాణాలు మాత్రం తెరిచే ఉన్నాయి. చలికాలపు విందు కోరిక అక్కడివాళ్లకు లేదా అంటే ఉంది, దాన్ని నవంబరు కృతజ్ఞతా పండుగ తీర్చింది. టర్కీ కోడి, గుమ్మడి పై, ఇంటిల్లిపాదీ ఒకచోట చేరడం అంతా అటు వెళ్లిపోయింది. మసాచుసెట్స్‌లో క్రిస్మస్ అధికారిక సెలవయింది 1856లో. అంటే అప్పట్లో బోస్టన్ కేంద్రంగా నడిచిన అమెరికన్ బాప్టిస్టు సంఘం 1840లో మన నెల్లూరులో మిషను స్థాపించేనాటికి, ఆ బోస్టన్‌లోనే క్రిస్మస్‌కు సెలవు లేదు. తెలుగు దేశంలో క్రిస్మస్ చరిత్ర రాసేవాళ్లు ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి.

స్కాట్లండు సంగతి ఇంకా విచిత్రం. అక్కడ 1560 మతసంస్కరణతోనే క్రిస్మస్ మీద వేటు పడింది. పండుగ నాడు ఆడి పాడినందుకు 1574లో అబర్డీన్ చర్చి పెద్దలు 14 మంది స్త్రీలను పిలిచి నిలదీశారు. 1640లో పార్లమెంటు క్రిస్మస్ సెలవులనే రద్దు చేసింది. చట్టాలు తర్వాత మారినా చర్చి మనసు మారలేదు. క్రిస్మస్ అక్కడ పబ్లిక్ హాలిడే అయింది 1958లో! మన దేశంలో డిసెంబరు 25న ఆఫీసులు మూసి ఉన్న ఏళ్లలో గ్లాస్గో ఫ్యాక్టరీల్లో పనివాళ్లు డ్యూటీకి వెళ్తున్నారు.

మరి ఆ చలిదేశం పండుగ లేకుండా ఎలా బతికింది? పండుగనే వారం రోజులు అవతలికి జరిపింది. డిసెంబరు 31 రాత్రి వచ్చే హాగ్‌మనే స్కాట్లండుకు అసలు పండుగ అయి కూర్చుంది. అర్ధరాత్రి గంట కొట్టాక ఇంటి గడప మొదట ఎవరు దాటుతారన్నది ఆ ఏటి అదృష్టానికి గుర్తు. పొడుగ్గా, నల్లని జుట్టుతో ఉన్న మగవాడైతే శ్రేష్ఠం. చేతిలో బొగ్గు ముక్క, రొట్టె, విస్కీ ఉండాలి. పొయ్యి ఆరకూడదు, తిండికి లోటు రాకూడదు. బంగారు జుట్టువాడు ముందొస్తే అరిష్టం. వైకింగులు కొల్లగొట్టిన రోజుల జ్ఞాపకం అంటారు గాని ఆ వివరణ మరీ సొగసుగా కుదిరింది, నేను నమ్మను. ఇంగ్లండులో క్రిస్మస్ కేకు ఎలాగో, స్కాట్లండులో ఎండుద్రాక్షలు దట్టించిన ‘బ్లాక్ బన్’ అలాగ. జనవరి 1 చాలక జనవరి 2 కూడా స్కాట్లండులో సెలవే. వినోదం అంతా ఇటు చేరింది, చర్చికి ఇందులో పని లేదు.

ఫ్రెంచి విప్లవకారులది వేరే పద్ధతి. వాళ్లు పండుగను కాదు, పంచాంగాన్నే మార్చేశారు. 1793లో తెచ్చిన కొత్త పంచాంగంలో ఆదివారాలు లేవు, సెయింట్లు లేరు. ఒక్కో రోజుకు ఓ మొక్క పేరో ఖనిజం పేరో జంతువు పేరో పెట్టారు. క్రిస్మస్ ఉండాల్సిన రోజుకు దక్కింది కుక్క. ఆ పంచాంగాన్ని నెపోలియన్ 1806 మొదటి రోజుతో చాలించాడు.

క్యూబాలో మతం కన్నా చెరకు ముఖ్యమైంది. 1970 సీజనులో కోటి టన్నుల పంచదార తియ్యాలని ఫిడెల్ కాస్ట్రో పంతం పట్టాడు. డిసెంబరు కోత కాలం, పండుగ సెలవు అడ్డం. 1969లో సెలవు తీసేశారు. పంచదార 85 లక్షల టన్నుల దగ్గర ఆగిపోయింది, సెలవు మాత్రం తిరిగి రాలేదు. 1998 జనవరిలో పోప్ రెండో జాన్ పాల్ రాక సందర్భంగా, 1997 డిసెంబరులో ఆ ఒక్కసారికి అన్నట్టు ఇచ్చి, మరుసటి ఏడాది శాశ్వతం చేశారు. దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది.

అందరికన్నా పకడ్బందీగా పని చేసింది సోవియట్ ప్రభుత్వం. పాత పంచాంగాన్ని వదలని రష్యన్ ఆర్థొడాక్స్ చర్చి లెక్కలో క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. విప్లవం తర్వాత యువ కమ్యూనిస్టులు 1923 మొదట్లో దేవుళ్ల వేషాలు కట్టి, బొమ్మలు తగలబెట్టి ‘కొమ్సొమోల్ క్రిస్మస్’ అని వెక్కిరింత ఊరేగింపులు చేశారు. 1929లో వారం అనేదాన్నే తీసేసి ఐదు రోజుల పని చక్రం పెట్టారు. ఆదివారమే లేనప్పుడు క్రిస్మస్ ఎక్కడ? 19వ శతాబ్దంలో జర్మన్ కుటుంబాల ద్వారా రష్యా ఇళ్లలోకి వచ్చిన అలంకరించిన ఫర్ చెట్టు కూడా ‘పాదిరీల ఆచారం’ కింద జమయింది. చెట్టు పెట్టాలనుకున్నవాళ్లు కిటికీలకు దుప్పట్లు కప్పుకుని పెట్టుకున్నారు.

1935 డిసెంబరు 28న పార్టీ పత్రిక ‘ప్రావ్దా’లో ఓ చిన్న ఉత్తరం వచ్చింది. రాసింది ఉక్రెయిన్ పార్టీ నాయకుడు పావెల్ పోస్తిషెవ్. పాత రోజుల్లో ధనికుల ఇళ్లలో వెలిగే చెట్టును కార్మికుల పిల్లలు కిటికీ లోంచి చూసి కుళ్లుకునేవాళ్లు, ఇప్పుడా ఆనందం మన పిల్లలకెందుకు లేకుండా చేస్తున్నాం, కొత్త సంవత్సరం చెట్టు పెడదాం అన్నది సారాంశం. స్టాలిన్ అనుమతి లేకుండా ‘ప్రావ్దా’లో ఇలాంటిది రాదని చదివినవాళ్లందరికీ తెలుసు. యువజన సంఘం నాయకుడు అలెగ్జాండర్ కోసరెవ్ వెంటనే ఆదేశాలు పంపాడు. మూడు రోజుల్లో దేశమంతటా బళ్లలో, క్లబ్బుల్లో చెట్లు లేచాయి. చెట్టు అదే. కొనమీది బేత్లెహేము నక్షత్రం పోయి క్రెమ్లిన్ గోపురాల మీది ఎర్రని ఐదు మొనల నక్షత్రం వచ్చింది. వేలాడే బొమ్మల్లో దేవదూతల చోట విమానాలు, పారాచూట్లు. బహుమతులు పంచడానికి ‘దేద్ మొరోజ్’ అనే మంచు తాత, వెంట మనవరాలు స్నెగూరచ్కా. ఈ మనవరాలు జానపద కథల్లోంచి అలెగ్జాండర్ ఆస్త్రోవ్‌స్కీ 1873 నాటకంలోకి, అక్కణ్ణుంచి రిమ్‌స్కీ కోర్సకోవ్ ఒపెరాలోకి నడిచొచ్చిన మంచుపిల్ల. ఆమెను తాతకు జోడీగా పిల్లల పండుగకు ఖాయం చేసింది సోవియట్ కాలమే.

ఉత్తరం రాసిన పోస్తిషెవ్‌ను 1939 ఫిబ్రవరి 26న కాల్చి చంపారు. ఆదేశాలు పంపిన కోసరెవ్‌ను అంతకు మూడు రోజుల ముందే. 1932-33 కరువు రోజుల్లో ఉక్రెయిన్ రైతుల నోటి దగ్గరి గింజలు లాక్కున్నవాళ్లలో పోస్తిషెవ్ ఒకడు కాబట్టి జాలిపడటం కష్టం. మనుషులు పోయారు, చెట్టు ఉండిపోయింది. అదే 1939లో వచ్చిన అర్కాదీ గైదార్ పిల్లల కథ ‘చుక్, గెక్’లో ఇద్దరు అన్నదమ్ములు అడవిలో తండ్రి దగ్గర కొత్త సంవత్సరం జరుపుకుంటారు. చెట్టు ఉంది, బొమ్మలు ఉన్నాయి, అర్ధరాత్రి క్రెమ్లిన్ గంటలు ఉన్నాయి. క్రీస్తు లేడు. ప్యూరిటన్లు అనుకోకుండా చేసిన పనిని స్టాలిన్ ప్రభుత్వం అనుకుని చేసింది. పండుగను చంపే ఉద్దేశం మాని, దాని లోపలి మనిషిని మార్చేసింది. నిషేధాలన్నిటిలో ఫలించినది ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ఫలించిందనడానికి సాక్ష్యం ఈనాటి రష్యా. 1990 డిసెంబరు చివర్లో తీసుకున్న నిర్ణయంతో 1991 నుంచి జనవరి 7 మళ్లీ సెలవయింది. అయినా చెట్టు, బహుమతులు, కుటుంబ విందు అన్నీ డిసెంబరు 31 రాత్రికే. బంగాళాదుంప, గుడ్డు, మాంసం, మయొనైజ్ కలిపిన ఒలివియే సలాడ్ లేని బల్ల ఉండదు. ఆర్థొడాక్స్ చర్చి నియమం ప్రకారం క్రిస్మస్ ముందు 40 రోజులు మాంసం, పాలు, గుడ్లు ముట్టకూడదు. ఆ ఉపవాసం ముగిసేది జనవరి 6న. అంటే దేశమంతా విందు చేసుకునే రాత్రి భక్తుడు పస్తు. చాలామంది ఆ రాత్రికి ఉపవాసం పక్కన పెట్టేస్తారు.

ఉక్రెయిన్‌లో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడ 2017 నుంచి డిసెంబరు 25, జనవరి 7 రెండూ సెలవులుగా ఉండేవి. యుద్ధం నడుమ, 2023 జులై 28న అధ్యక్షుడు జెలెన్‌స్కీ కొత్త చట్టం మీద సంతకం చేశాడు. జనవరి 7 సెలవును అది తీసేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఉక్రెయిన్ ఆర్థొడాక్స్ చర్చి కూడా స్థిర పండుగలకు కొత్త పంచాంగానికి మారింది. మాస్కోతో సంబంధం తెంచుకోని చర్చిల్లో మాత్రం క్రిస్మస్ ఇప్పటికీ జనవరి 7నే.

(వచ్చే వారం: జర్మనీ ఇళ్లలోని చెట్టు విక్టోరియా రాణి గదిలోకి, అక్కణ్ణుంచి ప్రపంచంలోకి ఎలా వెళ్లింది?)